నూనెలో నిలిచిన మందు: కోనసీమ దూరాలు, మానసిక ఔషధాల కాలం

మానసిక వ్యాధికి ఇచ్చే మందు శరీరంలోకి ప్రవేశించాక ఎక్కడెక్కడికి చేరుతుంది, చేరినచోట ఎంతకాలం ఉంటుంది, అది వెళ్లిపోయాక దాని పని ఎన్నాళ్లు మిగిలి ఉంటుంది అనే ప్రశ్నలు పైకి ప్రయోగశాలకు సంబంధించినవిగా కనిపిస్తాయి. కాని గౌతమికీ వశిష్ఠకూ నడుమ ఉండి, వైనతేయ పాయ మళ్లీ రెండుగా చీల్చిన కోనసీమ వంటి ప్రాంతంలో అవి రేవులతోనూ పడవలతోనూ దారిఖర్చుతోనూ ముడిపడిన ప్రశ్నలు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల వారికి చాలాకాలం పాటు అందుబాటులో ఉన్న పెద్ద మానసిక చికిత్సాలయం 200 కిలోమీటర్లకు పైగా దూరంలో, విశాఖపట్నంలో ఉండేది. అంత దూరం నుంచి తెచ్చుకున్న మందు ఆరు గంటల్లో శరీరాన్ని వదిలిపోయేదా, నెలరోజులు నిలిచేదా అన్నదాని మీదే రోగి మళ్లీ పొలానికి వెళ్లడమో, మళ్లీ గదిలో బందీ కావడమో ఆధారపడి ఉండేది. అందువల్ల మానసిక ఔషధాల చరిత్రను వాటిని కనుగొన్నవారి పేర్ల వరుసగా కంటే, మందు శరీరంలో నిలిచే కాలం మెల్లగా మనిషి అదుపులోకి వచ్చిన చరిత్రగా చదవడమే ఈ డెల్టా విషయంలో సమంజసం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు లంకల దాకా పాకిన తరువాత కోనసీమకు నీటితోపాటు పడవ ప్రయాణం కూడా సులువైంది. 1890లలో మద్రాసునూ కలకత్తానూ కలిపే తీరపు రైలుమార్గం వచ్చి, 1900లో రాజమండ్రి వద్ద గోదావరి మీద వంతెన పూర్తయ్యాక, రేవు దాటి రాజమండ్రి చేరగలిగినవారికి విశాఖపట్నం అందుబాటులోకి వచ్చింది. ముక్తేశ్వరం రేవు నుంచి అవతలి ఒడ్డున ఉన్న కోటిపల్లికి 1928లో కాకినాడ నుంచి రైలు వేశారు. ఆ పట్టాలను రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, పీకివేశారు. అవి మళ్లీ పడింది 2004లో. ఒక ప్రాంతపు వైద్యచరిత్రలో రైలు పట్టాల ప్రస్తావన అప్రస్తుతం అనిపించవచ్చు గాని, ప్రతి నెలా ఆసుపత్రికి వెళ్లవలసిన రోగి విషయంలో దారి కూడా చికిత్సలో భాగమే.

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు ప్రభుత్వం విశాఖపట్నంలో నెలకొల్పిన ఉన్మాదుల ఆశ్రమమే క్రమంగా నేటి చినవాల్తేరు ప్రభుత్వ మానసిక చికిత్సాలయంగా మారింది. అప్పటి చట్టాలు, అంటే 1858 నాటిదీ దాని స్థానంలో వచ్చిన 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టమూ, రోగిని ప్రధానంగా అదుపులో ఉంచవలసిన మనిషిగా చూశాయి. ఆశ్రమంలో చేర్చుకోవడానికి చాలా సందర్భాల్లో మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసివచ్చేది. ఆ దశలో మందుకు ఉన్న పని రోగిని నిద్రపుచ్చడం, ఉద్రేకాన్ని అణచడం. అయినా ఆ పాత నిద్రమందుల్లోనే ఈ వ్యాసానికి కేంద్రమైన సమస్య, మందు శరీరంలో చేసే ప్రయాణం, మొదటిసారిగా స్పష్టంగా కనిపిస్తుంది.

వాటిలో ముఖ్యమైనది బ్రోమైడు. 1857లో ఇంగ్లండు వైద్యుడు చార్లెస్ లోకాక్ మూర్ఛలకు పొటాషియం బ్రోమైడు పనిచేస్తుందని ప్రకటించిన తరువాత అది ప్రపంచమంతటా మానసిక చికిత్సాలయాల్లోకి ప్రవేశించింది. బ్రోమైడు అయాను ఉప్పులోని క్లోరైడు అయానుకు దగ్గరి బంధువు కనుక, మూత్రపిండాలు ఆ రెంటినీ సరిగా వేరుచేయలేవు. ఫలితంగా బ్రోమైడు క్రమంగా క్లోరైడు స్థానాన్ని ఆక్రమించుకుంటూ శరీరమంతా వ్యాపిస్తుంది. శరీరంలోని మందు సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. బ్రోమైడుకు అది దాదాపు 12 రోజులు. ఒక మందును రోజూ ఒకే మోతాదులో ఇస్తూ పోతే, లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ సమానమయ్యే స్థితి సుమారు ఐదు అర్ధాయువుల తరువాత గాని రాదు. దీన్ని స్థిరస్థితి అంటారు. బ్రోమైడు విషయంలో ఆ స్థితికి రెండు నెలలు పడుతుంది. మొదటి వారం చాలని తోచిన మోతాదు రెండో నెలకు విషంగా మారి, రోగికి తడబాటు, మతిభ్రంశం, చర్మంపై పొక్కులు కలిగించేది. మతిభ్రంశం పెరిగితే మోతాదు పెంచడం అప్పటి వైద్యులకు సహజంగా తోచింది గనుక, మందు కలిగించిన పిచ్చినే అసలు పిచ్చిగా భ్రమించి మరింత మందు పోసిన సందర్భాలు లోకంలో చాలా ఉన్నాయి. దీనికి విరుగుడు ఉప్పు కావడం గమనార్హం. ఉప్పు ఎక్కువగా ఇస్తే క్లోరైడు బ్రోమైడును తోసివేసి మూత్రం ద్వారా బయటికి పంపుతుంది.

మరొకటి పారాల్డిహైడు. 1882లో వైద్యంలోకి వచ్చిన ఈ ద్రవం కొంతభాగం ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది కనుక, అది తాగినవారి ఊపిరిలో ఘాటైన వాసన ఉండేది. పాత మానసిక చికిత్సాలయాల వార్డులన్నీ ఆ వాసనతో నిండి ఉండేవని వైద్యచరిత్రకారులు రాశారు. మందు శరీరం నుంచి బయటికి వెళ్లే దారిని ముక్కుతో పసిగట్టగలిగిన రోజులవి.

ఇదే కాలంలో కోనసీమ గ్రామాల్లో ఉన్మాదానికి మొదట పిలిచేది వైద్యుణ్ణో భూతవైద్యుణ్ణో అయి ఉండేది. సంస్కృత వైద్యగ్రంథాలూ, తెలుగునాట ప్రచారంలో ఉన్న బసవరాజీయమూ చదివిన వైద్యులకు ఉన్మాదం ఒక ప్రత్యేక వ్యాధివర్గం. చరకసంహిత చికిత్సాస్థానంలో తొమ్మిదో అధ్యాయం ఉన్మాదానికీ పదో అధ్యాయం అపస్మారానికీ కేటాయించినవి. ఉన్మాద చికిత్సలో చెప్పిన కల్యాణక ఘృతం వంటి యోగాలు మూలికల కషాయాన్ని నేతిలో కాచి తయారుచేసేవి; ఏళ్ల తరబడి నిలవ ఉంచిన పురాణ ఘృతానికి అక్కడ ప్రత్యేక స్థానం ఉంది. మనసుకు సంబంధించిన మందుకు నెయ్యి వాహకం కావాలన్న ఈ ఎంపిక, కొవ్వులో కరిగే పదార్థాలే మెదడులోకి తేలికగా ప్రవేశిస్తాయన్న ఆధునిక పరిశీలనతో కలిసినట్లు కనిపించడం నిజమే. అయినా ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని చెప్పడానికి ఆధారం లేదు. ఆ వైద్యుల తర్కం వాతపిత్తకఫ దోషాలకూ, నెయ్యి వంటి జిడ్డు పదార్థాలతో చేసే స్నేహ చికిత్సకూ సంబంధించినది. దాన్ని దాని పరిధిలోనే గౌరవించడం మంచిది.

మెదడులోకి ఏది వెళ్తుంది, ఏది వెళ్లదు అన్న ప్రశ్నకు ఆధునిక జవాబు రంగుల నుంచి వచ్చింది. 1885లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి కొన్ని రంగులను ఎక్కించినప్పుడు దాదాపు అన్ని అవయవాలూ రంగు పట్టాయి గాని మెదడు మాత్రం తెల్లగా మిగిలింది. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ రంగును మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకే నేరుగా ఎక్కించగా మెదడు రంగు పట్టింది, తక్కిన దేహం పట్టలేదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఏదో అడ్డు ఉందని ఈ రెండు ప్రయోగాలు కలిసి తేల్చాయి. 1967లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఆ అడ్డు ఏమిటో తేటపడింది. మెదడులోని సన్నని రక్తనాళాల గోడకణాలు ఒకదానితో ఒకటి సందు లేకుండా బిగిసి అతుక్కుని ఉంటాయి. ఇతర అవయవాల్లో మందు కణాల సందుల్లోంచి జారిపోగలదు. మెదడులో మాత్రం కణాన్నే దాటాలి. కణపు పొర కొవ్వుతో చేసినది కనుక కొవ్వులో కరిగే చిన్న అణువులు దాటుతాయి, నీటిలో మాత్రమే కరిగేవి ప్రత్యేక ద్వారాలు ఉంటే తప్ప ఆగిపోతాయి. దీన్నే రక్త–మెదడు అవరోధం అంటారు. నేడు వాడే మానసిక ఔషధాల్లో చాలా భాగం కొవ్వులో కరిగేవి కావడానికి ఇదే కారణం. వాటిలో అనేకం శరీరంలోని కొవ్వులోనూ ఊపిరితిత్తులు, కాలేయం వంటి అవయవాల్లోనూ పేరుకుపోవడానికీ ఇదే కారణం.

భారతదేశం ఈ చరిత్రలోకి నేరుగా ప్రవేశించింది ఒక వేరు ద్వారా. సర్పగంధి, పాతాళగంధి అని తెలుగువారు పిలిచే చిన్న పొద తూర్పు కనుమలతో సహా దేశంలోని తేమగల అడవుల్లో పెరుగుతుంది. పాముకాటుకూ నిద్రలేమికీ ఉన్మాదానికీ దాని వేరును దేశవైద్యులు చాలాకాలంగా వాడుతుండేవారు. 1931లో కలకత్తాలో కవిరాజ్ గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ కలిసి, ఆ వేరు ఉన్మాదానికీ అధిక రక్తపోటుకూ పనిచేస్తుందని వైద్యపత్రికలో ప్రకటించారు. అదే సంవత్సరం సలీముజ్జమాన్ సిద్దీఖీ ఆ వేరు నుంచి రసాయనాలను విడదీసి, వాటిలో ఒకదానికి తన గురువు హకీం అజ్మల్ ఖాన్ పేరిట అజ్మలిన్ అని పేరు పెట్టారు. 1934లో హిమాలయా సంస్థ ఆ వేరుతో సెర్పినా మాత్రలను బజారులోకి తెచ్చింది. 1949లో బొంబాయి హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాసిన వ్యాసం పాశ్చాత్య వైద్యుల దృష్టిని ఆ వేరు మీదికి తిప్పింది. 1952లో స్విట్జర్లాండులోని సిబా కంపెనీ శాస్త్రవేత్తలు ముల్లర్, ష్లిట్లర్, బైన్ ఆ వేరులోని ప్రధాన క్రియాశీల పదార్థాన్ని వేరుచేసి రెసర్పిన్ అని పిలిచారు. రెండేళ్లలో అమెరికాలో నేథన్ క్లైన్ దాన్ని మానసిక రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. వకీల్‌కు, క్లైన్‌కు 1957లో లాస్కర్ పురస్కారం వచ్చింది. గణనాథ సేన్ పేరు ఈ వరుసలో చాలాచోట్ల కనిపించకపోవడం అన్యాయమే. వేరును వైద్యంగా నిలబెట్టిన మొదటి అచ్చు సాక్ష్యం ఆయనది.

రెసర్పిన్ ప్రాముఖ్యం అది నయం చేసిన రోగుల సంఖ్యలో కంటే, మందుకూ కాలానికీ ఉన్న సంబంధం గురించి అది బయటపెట్టిన విషయంలో ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో బెర్నార్డ్ బ్రోడీ, ఆల్ఫ్రెడ్ ప్లెచర్, పార్క్‌హర్స్ట్ షోర్ 1955లో, రెసర్పిన్ ఇచ్చిన జంతువుల మెదడులో సెరొటోనిన్ అనే నాడీప్రసారకం, అంటే ఒక నాడీకణం నుంచి మరొక దానికి సందేశం మోసే రసాయనం, దాదాపు ఖాళీ అయిపోతుందని చూపారు. మరుసటి ఏడాది అదే బృందం మరింత విచిత్రమైన సంగతి గమనించింది. మెదడులో రెసర్పిన్ కొలవగల స్థాయి నుంచి గంటల్లోనే మాయమైపోయినా, జంతువు మత్తులోనే ఉండిపోతోంది. సెరొటోనిన్ తిరిగి నిండటానికి రోజులు పడుతోంది. మందు వెళ్లిపోయినా దాని పని మిగిలింది. నాడీకణాల కొసల్లో నాడీప్రసారకాలను దాచే అతి సూక్ష్మమైన తిత్తులు ఉంటాయి; వాటిలోకి ఆ రసాయనాలను ఎక్కించే వాహక ప్రోటీన్‌ను రెసర్పిన్ పట్టుకుని వదలకుండా పాడుచేస్తుందనీ, కణం కొత్త తిత్తులను తయారుచేసుకునేదాకా లోటు తీరదనీ తరువాత తేలింది. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్సన్ రెసర్పిన్‌తో కదలిక లేకుండా పడిపోయిన కుందేళ్లకు ఎల్–డోపా ఎక్కించి లేపి నిలబెట్టడంతో డోపమిన్ ప్రాముఖ్యం బయటపడింది. 2000లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంత పరిశోధనకు మూలమైన మందు మాత్రం మానసిక చికిత్సలో ఎక్కువకాలం నిలవలేదు. రక్తపోటు పడిపోవడం, వణుకు, బిగుసుకుపోవడం, దిగులు కలుగుతాయన్న భయం దాన్ని వెనక్కి నెట్టింది. దిగులు విషయంలో తొలి నివేదికలు అతిశయించినవని తరువాతి సమీక్షలు అన్నాయి. ఎగుమతి కోసం అడవుల్లో విచ్చలవిడిగా తవ్విన సర్పగంధి మొక్క మాత్రం అరుదైపోయి, 1990లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఉన్న జాతుల పట్టికలోకి ఎక్కింది.

రెసర్పిన్‌ను పక్కకు తోసింది క్లోర్‌ప్రొమజిన్. 1950 డిసెంబరులో ఫ్రాన్సులోని రోన్–పులెంక్ కంపెనీలో తయారైన ఈ పదార్థాన్ని 1952లో పారిస్ వైద్యులు జాన్ డిలే, పియర్ డెనికర్ మానసిక రోగులకు ఇచ్చి ఆశ్చర్యకరమైన ఫలితాలు చూశారు. కొన్నేళ్లలోనే అది భారతీయ మానసిక చికిత్సాలయాలకూ చేరింది. ఆశ్రమాల తలుపులు మెల్లగా తెరుచుకోవడం, రోగి ఇంటికి తిరిగి వెళ్లడం ఇక్కడి నుంచే మొదలైంది. సరిగ్గా ఇక్కడే కోనసీమ దూరం సమస్యగా మారింది. ఎందుకంటే ఆసుపత్రిలో ఉన్నంతకాలం మందు నర్సు చేతిలో ఉండేది. ఇంటికి వచ్చాక అది కుటుంబం చేతిలోకి వచ్చింది.

క్లోర్‌ప్రొమజిన్ నోటి ద్వారా తీసుకున్నప్పుడు దానిలో కొంతభాగం పేగు గోడలోనూ కాలేయంలోనూ మొదటి ప్రయాణంలోనే విరిగిపోతుంది. మిగిలినది రక్తంలోకి చేరాక నూటికి తొంభై ఐదు పాళ్లకు పైగా రక్తద్రవంలోని ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. ప్రోటీన్‌కు అంటుకోని కొద్దిపాటి మందే కణాల్లోకి వెళ్లగలదు. అయినా కొవ్వులో బాగా కరుగుతుంది కనుక రక్తాన్ని వదిలి మెదడు, ఊపిరితిత్తులు, కాలేయం, కొవ్వు కణజాలాల్లోకి విస్తరిస్తుంది. శరీరంలోని మందు మొత్తాన్నీ రక్తంలో ఉన్న గాఢతతో భాగిస్తే వచ్చే ఊహాత్మక పరిమాణాన్ని వితరణ పరిమాణం అంటారు. క్లోర్‌ప్రొమజిన్‌కు అది మనిషి బరువులో కిలోకు 20 లీటర్ల వరకూ ఉంటుంది. అంటే 60 కిలోల మనిషిలో సుమారు 1,200 లీటర్లు. మనిషిలో అంత ద్రవం ఉండదు గనుక, ఈ అంకె చెప్పేది మందులో అత్యధిక భాగం రక్తంలో కాక కణజాలాల్లో దాగి ఉందని మాత్రమే. మందు ఆపిన తరువాత అది విరిగి ఏర్పడిన పదార్థాలు మూత్రంలో వారాల తరబడి, కొందరిలో నెలల తరబడి కనిపించడానికి ఇదే కారణం. ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేశాక కూడా డెల్టా చేలలో తడి కొంతకాలం నిలిచినట్లే, రక్తంలోకి కొత్త మందు రావడం ఆగినా కణజాలంలో నిలవ ఉన్నది వెనక్కి కారుతూ మెదడుకు కొద్దికొద్దిగా అందుతూ ఉంటుంది.

ఈ నిలవ వల్ల కలిగిన సామాజిక ఫలితాన్ని వైద్యగ్రంథాలు ఎక్కువగా చర్చించవు. మందు ఆపిన రోజే వ్యాధి తిరగబెట్టి ఉంటే, మందుకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం ఇంట్లో అందరికీ ఇట్టే తెలిసిపోయేది. తిరగబెట్టడానికి వారాలో నెలలో పడుతుంది కనుక, మందు మానాక కూడా మనిషి బాగానే ఉన్నాడు, ఇక మందు అక్కరలేదు అన్న నమ్మకం కుటుంబంలో స్థిరపడుతుంది. తరువాత వ్యాధి తిరిగి వచ్చినప్పుడు దాన్ని ఆపిన మందుతో కాక ఆ వారం జరిగిన గొడవతోనో, దిష్టితోనో, గాలి సోకడంతోనో ముడిపెడతారు. రేవు దాటి రైలెక్కి విశాఖపట్నం వెళ్లి రావడానికి కూలి డబ్బులు పోగుచేసుకోవలసిన కుటుంబానికి ఈ నమ్మకం ఒక ఊరట కూడా. అందువల్ల అది అజ్ఞానం మాత్రమే అని తీర్పు చెప్పడం సరికాదు. మందు శరీరంలో నిలిచే తీరే ఆ పొరపాటుకు దారితీసింది, దూరం దాన్ని బలపరిచింది.

ఇందుకు సమాధానంగా 1960లలో వచ్చినవి డిపో సూదిమందులు. డిపో అంటే నిలవచేసిన చోటు. ఫ్లూఫెనజిన్ అనే మందును మధ్యస్థ పొడవు గల కొవ్వు ఆమ్లమైన డెకనోయిక్ ఆమ్లంతో కలిపి, ఆ సమ్మేళనాన్ని నువ్వుల నూనెలో కరిగించి కండరంలోకి ఎక్కిస్తారు. ఆ నూనె కండరంలోనే చిన్న గుంటగా నిలిచి ఉండగా, సమ్మేళనం కొద్దికొద్దిగా బయటికి వచ్చి, రక్తంలోని ఎంజైములు దాన్ని విడగొట్టి అసలు మందును విడుదల చేస్తాయి. ఇక్కడ ఒక తలకిందుల ఏర్పాటు ఉంది. మామూలుగా మందు ఎంతకాలం ఉంటుందన్నది అది శరీరం నుంచి బయటికి పోయే వేగం మీద ఆధారపడుతుంది. డిపో సూదిలో అది నూనెలోంచి బయటికి వచ్చే వేగం మీద ఆధారపడుతుంది. బెల్జియంలో పాల్ జాన్సెన్ బృందం 1958లో రూపొందించిన హాలోపెరిడాల్‌ను కూడా తరువాత ఇదే పద్ధతిలో నువ్వుల నూనెలో డెకనోయేటుగా చేశారు. మాత్రగా తీసుకున్నప్పుడు ఒకరోజు అటూఇటూ ఉండే దాని అర్ధాయువు, నూనెలో ఎక్కించినప్పుడు సుమారు మూడు వారాలకు పెరుగుతుంది. అందుకే నెలకు ఒక సూది సరిపోతుంది. అందుకే మొదటి సూది తరువాత స్థిరస్థితి రావడానికి రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది, ఆ మధ్యకాలంలో కొందరికి మాత్రలు కూడా కొనసాగించవలసివస్తుంది.

కోనసీమ పాఠకుడికి మరింత దగ్గరగా తోచే సంగతి ఒకటి ఉంది. ఫ్లూపెంథిక్సాల్ డెకనోయేటు వంటి కొన్ని డిపో మందులకు వాడేది నువ్వుల నూనె కాదు, కొబ్బరి నూనె నుంచి వేరుచేసిన పలుచని భాగం. మధ్యస్థ పొడవు గల కొవ్వు ఆమ్లాలు కొబ్బరి నూనెలో సమృద్ధిగా ఉండటం వల్ల ఆ భాగం చిక్కబడకుండా తేలికగా ఉంటుంది, సూదిలోంచి సులువుగా దిగుతుంది, మందును నెమ్మదిగా వదులుతుంది. ఆ నూనె ఏ తోట నుంచి వచ్చిందన్నది ఇక్కడ ప్రధానం కాదు. అంబాజీపేట కొబ్బరి బజారు చుట్టూ బతుకు అల్లుకున్న ప్రాంతానికి, ఆ కాయలోని కొవ్వే మనిషి తుంటి కండరంలో వారాల తరబడి మందును కాపాడగలదన్న విషయం తెలిసి ఉండటం ప్రధానం. గోదావరి వరదలకు లంక గ్రామాలు తెగిపోయే ఆగస్టు రోజుల్లో మాత్రల డబ్బా ఖాళీ అయితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది. ముందే ఎక్కించిన డిపో సూది వరద తీసేదాకా రోగిని కాపాడుతుంది. అయితే దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. వణుకూ బిగుసుకుపోవడమూ వంటి దుష్ఫలితం వచ్చినా, కండరంలో దిగిన నూనెను వెనక్కి తీయడం సాధ్యం కాదు. నెలరోజుల భద్రత నెలరోజుల కట్టుబాటు కూడా. అందువల్ల రోగికి ముందుగా అదే మందును మాత్రగా ఇచ్చి చూడటం, అతని ఒప్పుదలతోనే సూదికి మారడం వైద్యనీతిలో భాగమైంది.

ఈ మందుల గుంపుకు పూర్తిగా భిన్నమైనది లిథియం. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదపు ఉద్రేకానికి లిథియం పనిచేస్తుందని ప్రకటించాడు. 1954 నుంచి డెన్మార్క్‌లో మోగెన్స్ షో దాన్ని క్రమబద్ధమైన పరీక్షలతో నిలబెట్టాడు. అమెరికాలో అనుమతి 1970లో గాని రాలేదు. లిథియం ఒక లోహపు అయాను. కొవ్వులో కరగదు, ప్రోటీన్లకు అంటుకోదు, కాలేయం దాన్ని మార్చదు. శరీరంలోని నీటిలో వ్యాపించి, మెదడులోకి మెల్లగా ప్రవేశించి, దాదాపు పూర్తిగా మూత్రపిండాల ద్వారా వెళ్లిపోతుంది. దాని అర్ధాయువు చాలామందిలో ఒకరోజు అటూఇటూ. వయసు మళ్లినవారిలో ఇంకా ఎక్కువ. ప్రయోజనం ఇచ్చే గాఢతకూ విషంగా మారే గాఢతకూ మధ్య ఎడం చాలా తక్కువ కనుక, రక్తపరీక్ష లేకుండా దాన్ని వాడటం ప్రమాదకరం. మూత్రపిండాలు లిథియాన్ని సోడియంతో కలిపి చూస్తాయి. చెమట, విరేచనాలు, ఉప్పు లేని పథ్యం వల్ల శరీరంలో సోడియం తగ్గితే, మూత్రపిండాలు సోడియాన్ని వెనక్కి తీసుకుంటూ లిథియాన్ని కూడా వెనక్కి తీసుకుంటాయి. మోతాదు మారకుండానే రక్తంలో లిథియం పెరుగుతుంది. రోహిణీ కార్తె ఎండలో ఉక్కపోతతో చెమటోడ్చే కోనసీమ వ్యవసాయ కూలీకి ఇది పుస్తకంలోని సంగతి కాదు. దాహానికి సులువుగా దొరికే కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువగానూ సోడియం తక్కువగానూ ఉంటాయి కనుక, చెమటలో పోయిన ఉప్పు లోటును అవి ఒక్కటే తీర్చలేవు. కీళ్లనొప్పులకు దుకాణంలో కొనే కొన్ని నొప్పిమాత్రలు, రక్తపోటుకు ఇచ్చే కొన్ని నీటిమాత్రలు కూడా లిథియాన్ని పెంచుతాయి. చేతులు వణకడం, నడక తూలడం, వాంతులు మొదలైతే అది వ్యాధి ముదరడం కాక మందు పేరుకోవడం కావచ్చునని ఇంటివారికి చెప్పడం వైద్యుడి బాధ్యత.

ఆధునిక కాలంలో ఈ ప్రయాణాన్ని బతికున్న మనిషి మెదడులోనే చూడగలిగారు. కొద్దిపాటి రేడియోధార్మికత గల పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించి, అది మెదడులో ఎక్కడ అంటుకుందో చిత్రించే పెట్ స్కాన్ ద్వారా, 1980లలో స్టాక్‌హోంలో లార్స్ ఫార్డే బృందం మనోవైకల్యపు మందులు మెదడులోని డోపమిన్ గ్రాహకాల్లో సుమారు 65 నుంచి 80 శాతం వరకూ ఆక్రమించినప్పుడు పనిచేస్తాయని చూపింది. గ్రాహకం అంటే నాడీప్రసారకం వచ్చి అంటుకునే ప్రోటీన్. ఆక్రమణ 80 శాతానికి చేరువయ్యే కొద్దీ బిగుసుకుపోవడం వంటి దుష్ఫలితాలు ఎక్కువవుతాయి. రక్తంలో మందు తగ్గినంత వేగంగా గ్రాహకాల నుంచి తగ్గదని కూడా తేలింది. అర్ధాయువు రక్తానికి చెప్పిన లెక్క, మెదడు లెక్క వేరని దీనితో రుజువైంది.

మనుషులందరిలో ఈ లెక్కలు ఒకేలా ఉండవు. 1977లో లండన్‌లో రక్తపోటు మందు ఒకదాన్ని కొందరు చాలా నెమ్మదిగా విరగ్గొడతారని గుర్తించడంతో, కాలేయంలోని ఎంజైములు వారసత్వంగా భిన్నంగా ఉంటాయన్న విషయం స్థిరపడింది. ఆ రక్తపోటు మందును విరగ్గొట్టే ఎంజైమే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, అమిట్రిప్టిలిన్ వంటి అనేక మానసిక ఔషధాల విషయంలోనూ పనిచేస్తుంది. పుదుచ్చేరిలోని జిప్మర్ వైద్యసంస్థ పరిశోధకులు దక్షిణాది జనసమూహాల్లో, తెలుగువారితో సహా, ఈ తేడాలను అధ్యయనం చేశారు. యూరోపియన్లపై చేసిన పరీక్షల నుంచి వచ్చిన మోతాదును తెలుగు రోగికి యథాతథంగా వర్తింపజేయకూడదన్న జాగ్రత్తకు ఇటువంటి పరిశోధనే ఆధారం.

చికిత్సను రోగి దగ్గరికి తీసుకురావాలన్న ఆలోచన కూడా ఈ కాలంలోనే బలపడింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. తెలుగువారు కూడా ఎక్కువగా నివసించే బళ్లారి జిల్లాలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 1980లలో జరిగిన ప్రయోగం ఆధారంగా, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో కొద్ది జిల్లాలతో ప్రారంభమైంది. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్ ఉంది. 1958లో కాకినాడలో రంగరాయ వైద్యకళాశాల రావడం, ఈ శతాబ్ది తొలి ఏళ్లలో చించినాడ వద్ద వశిష్ఠ మీదా ఎదుర్లంక–యానాం మధ్య గౌతమి మీదా వంతెనలు పూర్తికావడం, ఆ తరువాత అమలాపురంలోనే వైద్యకళాశాల నెలకొనడం కలిసి కోనసీమ నుంచి వైద్యుడి దగ్గరికి ఉన్న దూరాన్ని చాలా తగ్గించాయి. 2022 ఏప్రిల్‌లో కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. అయితే కొత్త దూరాలు కూడా పుట్టాయి. ఈ ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికీ కూలిపనికీ వెళ్లేవారు అనేకులు. నిద్రకో ఆందోళనకో డయజెపామ్ జాతి మాత్రలకు అలవాటుపడినవారు ప్రయాణంలో వాటిని హఠాత్తుగా ఆపితే, శరీరంలో మందు తగ్గుతూ పోయే రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మరోపక్క కొన్ని గల్ఫ్ దేశాల్లోకి ఆ మాత్రలను ముందస్తు అనుమతి, వైద్యుడి పత్రం లేకుండా తీసుకువెళ్లడం నేరం. విమానం ఎక్కే ముందే వైద్యుడితో మాట్లాడి మోతాదు నెమ్మదిగా తగ్గించుకోవడమో, కావలసిన అనుమతి పత్రాలు సిద్ధం చేసుకోవడమో తప్పనిసరి.

2018 మే నుంచి అమల్లోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం చికిత్స పొందడాన్ని రోగి హక్కుగా గుర్తించింది. 1912 నాటి చట్టంతో పోల్చినప్పుడు ఇది సంపూర్ణమైన మార్పు. ఆ హక్కు ఆచరణలో నిలవాలంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డిపో సూది ఎప్పుడూ నిలవ ఉండాలి, లిథియం రక్తపరీక్ష జిల్లా కేంద్రంలోనే జరగాలి, మందు వెళ్లాక కూడా దాని పని ఎందుకు మిగులుతుందో రోగి కుటుంబానికి తెలుగులో వివరించాలి. ఇటువంటి మందులు వాడే ప్రతి ఇంటివారూ చివరి సూది వేయించిన తేదీ, చివరి మాత్ర వేసుకున్న తేదీ రాసి పెట్టుకోవాలి; బాగున్నట్లు అనిపించినా వైద్యుణ్ణి అడగకుండా ఆపకూడదు. దగ్గరలో మానసిక వైద్యుడు లేనప్పుడు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సహాయవాణి 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.